ఖమీస్ ముషైత్‌లో తాతను వెతికిన రెండు రోజులు

ఖమీస్ ముషైత్‌కు ఇంకా గంట ప్రయాణం ఉందనగా బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగింది. అప్పుడే తెల్లవారుతోంది. సిపాయి ఈ దేశంలో ఉండనిచ్చే మా ఇఖామాలూ, మా ఆయన యజమాని కఫీల్ ఇచ్చిన అనుమతి కాగితమూ చూసి, ఇంత దూరం ఎందుకొచ్చారని మా ఆయనను అడిగాడు. "నా భార్య వాళ్ల తాతను వెతకడానికి. ఆయన యమనీ సిపాయి" అన్నాడు ఈయన తనకొచ్చిన అరబీలో, ఎంతో వినయంగా. సిపాయి ముఖంలో నవ్వు పోయింది. కాగితాలన్నీ పట్టుకుని దిగిపోయాడు.

సరిగ్గా అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. కువైట్ యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. యమన్ ఇరాక్ వైపు మొగ్గిందని యమన్ వాళ్లను గుంపులు గుంపులుగా వెనక్కి పంపేసిన దేశంలో, సైనిక స్థావరం ఉన్న ఊరికి, ఇద్దరు పిల్లలతో యమనీ సిపాయిని వెతుక్కుంటూ వచ్చాం మేము!

వెనక సీట్లోంచి మల్లేశం అనే మేస్త్రీ ముందుకు వంగాడు. జగిత్యాల మనిషి, రియాద్‌లో మాతోపాటే ఎక్కాడు. "ఏందన్నా, చుట్టపోళ్ల ఇంటికి వోతున్నమంటె అయిపోవు గద! గంత నిజం ఎవలు జెప్పుమన్నరు?"

కాసేపటికి నెరిసిన గడ్డంతో పెద్ద అధికారి ఎక్కాడు. "ఏ యుద్ధంలో సిపాయి?" అన్నాడు. హైదరాబాదు నిజాం దగ్గర, నలభై ఏళ్లకు పైమాటే అని చెప్పాం. ఆయన పకపకా నవ్వి, "అయితే పట్టుకోవడానికి చాలా ఆలస్యంగా వచ్చారు" అని కాగితాలు ఇచ్చేశాడు. ఎవరైనా ఈ దారిన వెళితే కఫీల్ కాగితం మాత్రం మరచిపోవద్దు.

తాత పేరు సాలెహ్. యమన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం అరబ్బు దళంలో చేరాడు. సూర్యాపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దొర గడీకి కాపలా ఉండేవాడు. అక్కడే అమ్మమ్మను పెళ్లి చేసుకున్నాడు. రైతులు దొరల మీద తిరగబడ్డ రోజులవి. ఒకే ఊరి మనుషులు రెండు వైపులా నిలబడి ఒకరినొకరు చంపుకున్నారు. పోలీసు చర్య తర్వాత అరబ్బు సిపాయిలను ఓడలెక్కించి పంపేశారు. అప్పటికి మా అమ్మ పాలు తాగే పిల్ల. తండ్రి తమను వదిలేసి పోయాడా, లేక లాక్కుపోయారా అని ఈరోజుకీ అడుగుతుంది. ఆయన ఖమీస్ బజారులో కనిపించాడని హజ్ నుంచి వచ్చిన ఒకాయన ఎప్పుడో చెప్పాడు. అంతకుమించి మాకేమీ తెలియదు.

మేముండేది దమ్మామ్ పక్కన ఖతీఫ్‌లో. కువైట్ యుద్ధంలో సైరన్ మోగినప్పుడల్లా కిటికీలకు టేపు అంటించిన గదిలో పిల్లల్ని పొదువుకుని కూర్చునేదాన్ని. బతికి బయటపడితే ఖమీస్ వెళ్లి అడుగుతానని అప్పుడే అనుకున్నాను.

బుధవారం పొద్దున దమ్మామ్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి రియాద్ చేరాం. ఖుబ్జ్ రొట్టెల్లో టమాటా పచ్చడి పెట్టి చుట్టి తెచ్చాను. పిల్లలు రైల్లోనే సగం తినేశారు. సాయంత్రం నాలుగింటికి బస్సు. దారిలో హోటలు దగ్గర ఆపితే నలుగురం ఒకే పళ్లెంలో మాంసం వేసిన కబ్సా అన్నం తిన్నాం. "యమనోళ్లనంత ఎల్లగొట్టిండ్రు గదనె అక్కా, ఇంక తాతను యాడ దేవులాడుతవ్?" అన్నాడు మల్లేశం. నా అనుమానం కూడా అదే.

ఖమీస్‌లో దిగగానే చలి. కొండల మీద మబ్బు. ఎడారి దేశంలో ఇంత పచ్చదనం ఉందని నేననుకోలేదు. బస్టాండు పక్కనే కుటుంబాలకిచ్చే లాడ్జిలో గది తీసుకుని, టీ తాగి బజారుకు వెళ్లాం. గురువారం సంత. కానీ వరుసగా ఎన్నో దుకాణాలు మూసి ఉన్నాయి. "యమనీల కొట్లు. వెళ్లిపోయారు" అన్నారు పక్కవాళ్లు. సాలెహ్, హద్రమీ, సిపాయి అని అడిగిన చోటల్లా తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం దాటింది. పాప ఏడుపు మొదలుపెట్టింది.

చివరికి తేనె అమ్మే ముసలాయన, "సాలెహ్ అంటే ఎవరికి తెలుస్తుంది? హింద్ నుంచి వచ్చిన సిపాయి అంటే అబూ జమీలా. చనిపోయి మూడేళ్లయింది. కొడుకు కొట్టు అదిగో" అన్నాడు.

"మీ అమ్మ పేరే గద!" అన్నాడు మా ఆయన. నేను అక్కడే తేనె డబ్బాల మధ్య కూర్చుండిపోయాను.

ఇక్కడ మగవాణ్ణి పెద్దకొడుకు పేరుతో, ఫలానావాడి తండ్రి అని పిలుస్తారు. అబూ అంటే తండ్రి.

ఆ కొడుకు సలీం కొట్టు మూసేసి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. వీళ్లకు ఈ దేశపు పౌరసత్వం ఉంది కాబట్టి ఇక్కడే ఉండగలిగారు. పిల్లలకు ఖర్జూరాలు పెట్టి, నన్ను చూసి నవ్వుతూ అన్నాడు. "మీ అమ్మ మీద నాకు పాత కోపం ఉంది. పెద్దకొడుకుని నేను. ఊరంతా ఆయన్ని అబూ సలీం అనాలి. అంటే పలికేవాడు కాదు! ఆడపిల్ల పేరుతో పిలిపించుకుంటాడని బడిలో పిల్లలు నన్ను ఏడిపించేవాళ్లు. నేనేడిస్తే, పెద్దది అక్కడుంది, నువ్వు దాని తర్వాతే అనేవాడు."

"వదిలేసి వచ్చాడా?" అని అడిగాను.

"కాపలా పెట్టి ఓడ ఎక్కించారట. ఇంటికి ఒక్కసారి వెళ్లి వస్తానంటే వదల్లేదట."

"తర్వాత ఒక్క కబురైనా చేయలేదే?"

సలీం ఖర్జూరాల పళ్లెం పిల్లల వైపు జరిపాడు. "నేనూ అడిగాను. జవాబు చెప్పలేదు. యుద్ధం గురించీ చెప్పలేదు. మజ్జిగ పోసిన ఊరి మీదికే తుపాకీ పట్టుకుని పొమ్మన్నారు అని మాత్రం రెండు మూడుసార్లు అన్నాడు."

శుక్రవారం నమాజు తర్వాత మగవాళ్లు సమాధి దగ్గరికి వెళ్లారు. ఆడవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి నేను సలీం కారులోంచే చూశాను. అన్నీ పేర్లులేని రాళ్లే. తర్వాత టెలిఫోను బూత్ నుంచి సూర్యాపేటలో పక్కింటివాళ్లకు ఫోను చేసి అమ్మను పిలిపించాను. చెప్పిందంతా అమ్మ వింది. తర్వాత, "వాళ్లు ఆయన్ని ఏమని పిలుస్తరంటివి? ఇంకొక్కపారి చెప్పు బిడ్డా" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. చివరికి, "నా తమ్ముడు సన్నగుంటడా, లావుగుంటడా?" అని అడిగింది.

సాయంత్రం బస్సులో పిల్లలు ఎక్కగానే నిద్రపోయారు. వెళ్లేటప్పుడు దడ పుట్టించిన చెక్‌పోస్టు దగ్గర ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. ఎన్నాళ్లకో నాకూ కంటినిండా నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున రియాద్ స్టేషన్లో పాలు తాగుతూ మా అబ్బాయి సమీర్ అడిగాడు. "అమ్మా, ఆ తాత మంచోడా, చెడ్డోడా?"

"తుపాకీ పట్టుకున్నాడు నాన్నా. ఎవరినైనా కాల్చాడో లేదో నాకు తెలియదు" అని చెప్పాను. "కానీ బతికినన్నాళ్లూ, మీ అమ్మమ్మ పేరుతో పిలిస్తేనే పలికాడు."