బంపరు మీద బొట్టు

మా కారు రోగం ఈ రోజు తేలింది. పదిహేనేళ్ల విదేశీ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఏదైనా అడ్డొస్తే కూసి హెచ్చరించాల్సింది, ఎదురుగా ఏమీ లేకపోయినా రెండేళ్లుగా కూస్తోంది. విశాఖలో సర్వీసు సెంటరువాళ్లు స్కానర్ పెట్టి చూసి, బంపరులోని సెన్సర్లన్నీ మార్చాలన్నారు.

పొద్దున్న అరసవల్లి రోడ్డులో మెకానిక్ సింహాచలానికి చూపించాను. అతను బంపరు ముందు గొంతుక్కూర్చుని ఒక సెన్సరు అంచును గోటితో గీకాడు. ఎర్రటి పొడి రాలింది.

"దీనికి బొట్టెట్టిందెవరు బావూ?"

"మా అమ్మ."

ప్రతి శుక్రవారం నూనెలో కలిపిన కుంకుమ పెట్టేది. బంపరు మీది నాలుగు గుండ్రటి సెన్సర్లు చూసి, "బొట్టెట్టడానికి కంపెనీవోడే సోటుంచాడ్రా!" అని మురిసిపోయేది. ఆవిడ పోయిన ఏడాది కాలం చేసింది.

సింహాచలం బ్లేడు తీశాడు. "రెండు నిమిషాల పని. గీకేస్తే కూత ఆగిపోతాది."

"ఉండనీ."

"మరి కూస్తాది గదా!"

"కూయనీ."

అతను నా ముఖం చూసి బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేదాకా, నెమ్మదించిన ప్రతిచోటా కారు కూసింది.

కావాలనే బాగుచేయించని వస్తువు మీ ఇంట్లోనూ ఉందా? ఉంటే చెప్పండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.