పేరేసంద్రలో నాతో దిగినావిడ

మాది కాకినాడ. ఆఫీసు పని మీద చిక్కబళ్లాపుర వచ్చి, అక్కడి నుంచి ప్రభుత్వ బస్సులో బాగేపల్లికి బయలుదేరాను. ఎండకీ, కిక్కిరిసిన జనానికీ దారిలో కళ్లు తిరిగి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. పక్క సీట్లో ఆవిడ నా మొహం చూసి, "ఏమ్మా, ఎట్లుండాది ఒంట్లో?" అంది. నేను నోరు తెరిచేలోపే కండక్టరును కన్నడంలో కేకేసి, పేరేసంద్రలో బస్సు ఆపించింది.

నన్ను దించి తన దారిన పోతుందనుకున్నాను. సంచీ తీసుకుని తనూ దిగింది. అంగడి నీడలో కూర్చోబెట్టి, తడి కొంగుతో మెడ తుడిచి, ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా కొంచెం కొంచెంగా తాగించింది. ఆవిడది బాగేపల్లి దగ్గర గూళూరట. అరగంటకు మనుషుల్లో పడ్డాను.

"నా వల్ల మీ బస్సు పోయింది. మళ్లీ టికెట్టు డబ్బులు నేనిస్తాను" అన్నాను.

ఆవిడ నవ్వింది. "టికెట్టుకి దుడ్లెందుకమ్మా? మా రాజ్యంలో ఆడోళ్లకి బస్సు ఫ్రీ. ఆధార్ చూపిస్తే సరి, ఇంకో బస్సు ఎక్కుతా." ఖాళీ సోడా సీసా అంగట్లో ఇచ్చేసి, "ముందు మాదిరి దుడ్లు పెట్టి ఎక్కుంటే దిగుతాంటినో లేదో. అయ్యో పాపమనుకోని పోతాంటినేమో. అబద్ధమెందుకు చెప్పల్ల?" అంది.

ఉచిత ప్రయాణం ఖజానాకు భారమా కాదా అని మా ఆఫీసులో చాలాసార్లు వాదించుకున్నాం. దానివల్ల ఒక ఆడమనిషి పరాయిదాని కోసం దారిమధ్యలో దిగిపోగలదని ఎవరికీ తోచలేదు.

తరువాతి బస్సులో ఒక్క సీటే ఖాళీ. నన్ను అందులో కూర్చోబెట్టి, బాగేపల్లి దాకా నా భుజం మీద చెయ్యి వేసుకుని ఆవిడ నిలబడే వచ్చింది.