పెద్దమనిషి కాని పీత

తొంభైల మొదట్లో భీమవరంలో జువాలజీ డిగ్రీ చదివేదాన్ని. మా ల్యాబుకి పీతలు తెచ్చేది ఒక చేపలావిడ. పంటకాలువ గట్ల బొరియల్లో పట్టి, డెక్కలు గడ్డితో కట్టి, ఆడవి ఒక బుట్టలో, మగవి ఒక బుట్టలో వేసుకొచ్చేది. ఆ కాలేజీ వాడుక అంటే ఆవిడకి ఎంత గొప్పో! “బజార్లో అందరూ అమ్ముతారండి. కాలేజీకిచ్చేదాన్ని నేనొక్కదాన్నే” అనేది.

ఆ రోజు పీత జననావయవాల ప్రాక్టికల్. ల్యాబు వరండాలో ఆడవాటి బుట్టలోంచి ఒకదాన్ని తీసి వెల్లకిలా తిప్పాను. పొట్ట కింద మడత సన్నగా, త్రిభుజంలా ఉంది. సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. పుస్తకంలో ఉన్నదంతే.

“ఇది మగది. కలిపేసి అంటగడుతున్నావేంటి?” అన్నాను.

“ఆడదేనండి అమ్మాయిగారూ. ఇంకా పెద్దమనిషి అవ్వలేదు. ఇంకోపాలి కుబుసం ఇడిస్తే ఆ మడతే ఎడల్పవుద్ది.”

“అయితే పేరంటానికి పిలువు. చిమ్మిలుండలు తినిపోతాం.”

వరండా అంతా నవ్వు. ఆవిడా నవ్వింది పాపం. “మడత ఎత్తి సూడండి, తెలిసిపోద్ది” అంది.

“నాకు నువ్వు నేర్పుతావా?” నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దావిడని పట్టుకుని అన్న మాట అది. నా గొంతు విని లెక్చరర్ గారు వచ్చారు. పైపైన చూసి, అమ్మాయి చెప్పిందే కరెక్టన్నారు. ఇకమీదట రావద్దని ఆవిడతో చెప్పేశారు. ఆవిడ బుట్టలు ఖాళీ చేసి వెళ్లిపోయింది.

ల్యాబులో కూర్చుని మడత ఎత్తాను. మగదైతే బీజాన్ని ఆడదానిలోకి చేర్చే గట్టి పుల్లల్లాంటివి రెండు జతలుండాలి. లేవు. రేపు గుడ్లనీ, ఆ తర్వాత బుల్లి పిల్లల్నీ మోయాల్సిన సన్నటి కాడలు నాలుగు జతలున్నాయి. రొమ్ము పలకమీద, మూడో కాళ్ల వరసలో, సూదిమొన గుచ్చినట్టు రెండు రంధ్రాలు.

ఆడదే.

ఆవిడ ఇంకా గేటు దాటి ఉండదు. కిటికీలోంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఊరందరిమీదా లేచే ఈ నోరు ఆ పూట లేవలేదు. మడత మూసేసి, పుస్తకం చూసి మగపీత బొమ్మ వేశాను. ఎర్ర ఇంకుతో ‘గుడ్’ అని పడింది.

పదేళ్ల తర్వాత బజార్లో ఆవిడే కనిపించింది. నన్ను ఇట్టే గుర్తుపట్టి పీతల తట్ట ముందుకు జరిపింది.

“తమరు సదూకున్నోరు, ఏరుకోండి.”

తట్ట ముందు గొంతుక్కూర్చున్నాను. “ఆ రోజు నువ్వు... మీరు చెప్పిందే నిజం. అది ఆడదే.”

“నాకు తెలుసు కదండీ,” అంది పీతల మీద నీళ్లు చిలకరిస్తూ. “తమరికెప్పుడు తెలిసింది?”

“ఈ మధ్యే” అన్నాను.