స్ట్రాబెర్రీ తోటలో మిరప మొక్కలు

ఒక బుల్లి గడిలో టిక్కు పెట్టి తన గొయ్యి తానే తవ్వుకున్న తెలివైనవాణ్ని మీరు చూసి ఉండరు. సిగ్గు లేకుండా చెప్పుకుంటున్నాను, ఆ ఘనుణ్ని నేనే.

కంప్యూటర్లో వ్యవసాయం చేసే ఆటలు కొత్తగా వచ్చిన రోజులవి. డిగ్రీ సెలవుల్లో ఇంట్లో ఉంటే మిరపకోతకు పంపుతారని, కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నానని నాన్నకు చెప్పి రోజూ వినుకొండ బస్సెక్కేవాణ్ని. మస్తాన్ అన్న నెట్ సెంటర్లో ఓ మూల కూర్చుని స్ట్రాబెర్రీలు పండించేవాణ్ని. అవునండీ, సొంత చేను ఎగ్గొట్టి, ఫ్యాను కింద ఇంకో చేను చేసేవాణ్ని! నాన్నకు తెలిస్తే మర్నాడే నా చేతికి గోతాం వస్తుంది. సోమవారాలు మా చేలో కోత ఉండదు గనక, ఆ రోజు కోర్సుకు సెలవని చెప్పి ఇంట్లో నిద్రపోయేవాణ్ని. అబద్ధానికైనా వారానికో విశ్రాంతి ఉండాలి కదా.

నా పాస్‌వర్డ్ సామాన్యమైంది కాదు. హ్యాకర్లు తలకిందులుగా తపస్సు చేసినా దొరక్కూడదని అంకెలూ గుర్తులూ కలిపి బారెడు పెట్టాను. రోజూ అంత కొట్టడానికి బద్ధకమేసి, 'నన్ను గుర్తుంచుకో' అన్న గడిలో టిక్కు పెట్టేశాను. ఇక ఆ కంప్యూటర్లో ఆట తెరిస్తే చాలు, ఏమీ అడక్కుండానే నా పొలం వచ్చేసేది. ఇనప తలుపు బిగించి తాళంచెవి దానికే వదిలేసినట్టన్నమాట.

ఒక మంగళవారం చూద్దును కదా, సగం చేనులో స్ట్రాబెర్రీలు లేవు! వాటి చోట మిరప మొక్కలు, తాడు పట్టి నాటినట్టు తిన్నగా సాళ్లు. గట్టు మీద ముద్దుగా పెట్టుకున్న బాతుల్ని కూడా అమ్మేశారు.

"అన్నా, నన్ను హ్యాక్ చేశారు!" అని అరిచాను.

"నిన్నా? నీ దగ్గర ఏముందిరా?" అన్నాడు మస్తాన్ అన్న.

"ఎవడో ఫారినోడి పనన్నా."

"ఫారినోడికి మన మిరప ఎందుకురా?" అంటూ ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. బాధపడుతున్నాడనుకున్నాను, పిచ్చివాణ్ని.

వెంటనే పాస్‌వర్డ్ మార్చి ఇంకా పొడుగుది పెట్టాను. పెట్టి, మళ్లీ అదే గడిలో టిక్కు పెట్టాను. నవ్వకండి, అలవాటు.

పై మంగళవారానికి మిగిలిన సగం చేనులో పత్తి మొలిచింది. అంటే దొంగ సోమవారాలే వస్తున్నాడు! మరుసటి సోమవారం నిద్ర త్యాగం చేసి, నెట్ సెంటర్లోకి పిల్లిలా దూరాను. మూల కుర్చీలో పంచె, భుజాన తువ్వాలు, మౌసు మీద ఒకే ఒక్క వేలు. మా నాన్న!

"నాన్నా, నువ్వా?"

"రారా. పురుగుమందు కొనడానికొచ్చి, నీ కోర్సు ఎంతవరకొచ్చిందోనని మొన్నామధ్య ఇటొచ్చా. మస్తాను ఇక్కడ కూర్చోబెట్టి ఆట తెరిస్తే నీ పేరుతో పొలమొచ్చింది. ఏందిరా ఆ పంట? మన నేలకి పనికొచ్చేదేనా?"

"అది... ప్రాక్టికల్స్ నాన్నా."

"అట్టనా! నువ్వెటూ మన పొలానికి రావట్లేదని నేనే నీ పొలానికొచ్చా. ఇక్కడ పని అయిపోయింది. రేపట్నుంచి ఆ ప్రాక్టికల్సేవో మన చేలో చేద్దువుగాని."

వెనక మస్తాన్ అన్న పడీ పడీ నవ్వుతున్నాడు.

మర్నాటి నుంచి తెల్లారగానే నాన్న దుప్పటి లాగేవాడు. ఏ పాస్‌వర్డూ లేకుండా నేరుగా మిరపచేలో తేలేవాణ్ని. మండే కళ్లు తుడుచుకుంటే అవి ఇంకా మండాయి. ఆ ఘాటు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: పరాయి కంప్యూటర్లో ఆ గడి జోలికి ఈ జన్మలో పోను. నన్ను ఏ యంత్రమూ గుర్తుంచుకోనక్కర్లేదు. నాన్న గుర్తుంచుకున్నది చాలు.