గోనెసంచికి లేని పాపం

శామీర్‌పేట చెరువుగట్టున చేపలు వేయించే బాలమణి, మొదటి ముక్క తన పిల్లికి పెట్టాకే బేరం మొదలుపెట్టేది. ఆ పిల్లికి గొంతులో గడ్డ లేచి నీళ్లు కూడా దిగడం మానేశాయి. ఇక బతకదు, సూది వేస్తే బాధ తీరుతుందన్నాడు పశువుల డాక్టరు. పక్క హోటలు సత్తయ్య గోనెసంచి పట్టుకొచ్చాడు. "పిల్లిని సంపితే బంగారు పిల్లిని దానమియ్యాలె అక్కా! గీ సంచిల ఏసి తుర్కపల్లి అవతల ఇడిసిపెట్టు. నీకే పాపం రాదు." ఎన్ని శాస్త్రాలు తిరగేసినా గోనెసంచికి ప్రాయశ్చిత్తం కనబడదు మరి! బాలమణి గరిటె పట్టుకునే లేచింది. "సంపితే పాపం, ఆకలికి సావనిడిస్తే పుణ్యమా? సిగ్గుండాలె!" సంచిని పొయ్యిలో కుక్కి, పిల్లిని కొంగులో చుట్టుకుంది. "ఆ పాపమేందో నాకే రానియ్యి," అంటూ దవాఖానకు నడిచింది. ఒట్టి కొంగుతో తిరిగొచ్చింది. ఇప్పటికీ మొదటి ముక్క ఎవరికీ అమ్మదు.