మా నాయన అంగడి మాటలు

పాసయినా. డిగ్రీ పాసయినా. మా ఇంట్లో ఇంతవరకు పదో తరగతి దాటినోళ్లే లేరు. పొద్దున రిజల్టు చూసినప్పటినుంచి ఫోను చేతిలోనే ఉండాది.

ఇది ఎట్ల వచ్చిందో చెప్పాల. వైవా రోజు ఆ గదిలో ఇరుక్కోనిపోయినా, బయటపడతానని అనుకోలేదు.

నా ప్రాజెక్టు, తెలుగులోకి వచ్చిన పరాయి మాటల మీద. మా నాయన తిరుపతిలో టైలరు. ఆయన అంగడిలో కూర్చోనే మాటలన్నీ రాసుకున్నా. గుడ్డకు లోపలేసే అస్తరు ఉర్దూది. బొత్తాము, అది దూరే కాజా, ఇస్త్రీ పోర్చుగీసోళ్లవి. కాలరు ఇంగ్లీషుది. నాయన పని నేర్చింది చిత్తూరులో ఒక ఉస్తాద్ దగ్గర. ఆయన పద్ధతి ఒకటే: వస్తువు పేరు ఆయన చెప్పినట్టు చెప్పందే దాన్ని ముట్టుకోనీడు. కత్తెర ముట్టుకునేదానికే మా నాయనకు నెల పట్టిందంట.

అంతా బాగా రాసి, ఆఖరి పేజీలో తెలివి చూపించినా. పరాయి మాటల్ని చెత్త మాదిరి ఏరి పారేసి అచ్చ తెలుగు మాటలు పెట్టుకోవాలని రాసినా. నేను నమ్మి రాసింది కాదు. అట్ల రాస్తే మార్కులు పడతాయని సీనియర్లు చెప్పినారు.

వేరే కాలేజీ నుంచి వచ్చిన సారు ముందు ఆ పేజీనే తీసినాడు. చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "బాగుందమ్మా. నువ్వు పారేసిన మాటలు వాడకుండా మీ నాయన చేసే పనేందో చెప్పు" అన్నాడు.

వాకిలి తెరిచే ఉండాది. బయట బెంచీ మీద మా నాయన. నాకు తోడని అంగడి మూసి వచ్చినాడు. లోపలి మాటలన్నీ ఆయనకు వినపడతా ఉండాయి.

గుడ్డలు కుడతాడన్నా. ఎట్ల కుడతాడని సారు అడిగినాడు.

నోరు తెరిచినా. కాజా వచ్చింది, మింగినా. బొత్తాము వచ్చింది, మింగినా. గుండీ అందామంటే అదీ హిందీదే. మిషను అనేదానికి లేదు. రోజూ ఏం చేస్తాడో చెప్దామంటే రోజు కూడా పరాయిదే, నేనే రాసినా. ఎటు తిరిగినా నేను కట్టిన గోడే. వైవా పోతే డిగ్రీ ఆగిపోతాది. ఈసారి కాకపోతే అంగడిలో రెండో మిషను మీద కూర్చోవాల్సిందేనని ఇంట్లో మాటయిపోయింది.

బయట నాయన దగ్గినాడు. అటు చూసేదానికి ధైర్యం చాల్లేదు. ఆయన నోట్లో మాటల్ని చెత్త అని రాసింది నేనే గదా.

ఆఖరి పేజీ మీద వేలు పెట్టి, "ఆ వాక్యం తప్పు సార్" అన్నా. "ఆ మాటలు మా నాయనకు ఊరికే రాలేదు. ఒక్కో మాటతో ఒక్కో పని నేర్చుకున్నాడు. మాట తీసేస్తే, నేర్పినాయన్ని గూడా తీసేసినట్టే."

సారు ఎర్ర పెన్ను నా పక్కకు తోసినాడు. ఆ వాక్యం నేనే కొట్టేసినా. ఇప్పుడు చెప్పమన్నాడు. కొలత తీసేకాడినుంచి ఇస్త్రీ దాకా, చొక్కా కుట్టేదంతా మా అంగడి మాటల్తోనే చెప్పినా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన ఒకటే అన్నాడు.

"కాలరు అతికించేది భుజాలు కలిపినాంక, మే. ముందు గాదు. తప్పు సెప్పినావు."

ఆ పేజీ సంగతి ఈరోజుకీ ఎత్తలేదు. అదే నన్ను తినింది. రిజల్టు వచ్చేదాకా నేను ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టుండింది.

పొద్దున పాసయినానని చెప్తే మిషను ఆపి, "ఉస్తాద్‌కు సెప్పినావా?" అన్నాడు. లేదన్నా. ముందు ఆయనకు ఫోను చెయ్యమన్నాడు.

ఇంకా చెయ్యాల్సినోళ్లు:

ఉస్తాద్. చెవుడు, గట్టిగా చెప్పాల.

గూడూరు అత్త. నిమ్మకాయల మండీలో ఉంటాది, మధ్యాహ్నం పైన ఎత్తుతాది.

తిరుమల బస్సు తోలే మామ. ఘాటు రోడ్డు దిగినాంక.

మదనపల్లె స్నేహితురాలు. సీనియర్ల మాట వినొద్దని నెత్తీ నోరూ కొట్టుకునింది.

జిరాక్సు అంగడి అన్న. ఆఖరి పేజీ మార్చి ఇంకో కాపీ బైండు చెయ్యాల. మా నాయనకు.