నరహరి అన్న రివ్యూకి పంపిన ఇంటి డయాగ్రమ్

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా స్వప్న వదిన ఫోన్ చేసింది. కాల్ మ్యూట్‌లో పెట్టి ఎత్తాను.

"తమ్మీ, మీ అన్న లేస్తలేడు."

మేముండే ఇర్వింగ్ ఊళ్ళోనే, వాళ్ళ అపార్ట్‌మెంట్ మాకు రెండు సిగ్నల్స్ దూరం. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది. హార్ట్ అటాక్. నలభై నాలుగేళ్ళు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. టైపింగ్‌లో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నరహరి అన్న మా కంపెనీలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్. ఏ పని ఏ సిస్టమ్ మీద నడుస్తోంది, అది పడిపోతే ఇంకా ఏమేం పడిపోతాయి అని బొమ్మ గీయడం ఆయన ఉద్యోగం. ఆ ఫీల్డ్‌లో మాటలన్నీ నాకు నేర్పింది ఆయనే.

కొత్తలో కేపబిలిటీ, ప్రాసెస్ రెండూ ఒకటే అనుకుని స్లైడ్ నిండా కలిపి రాసేశాను. మీటింగ్‌లో అన్న నా పరువు తీయలేదు. లంచ్‌లో మాత్రం పప్పన్నం డబ్బా నా ముందుకు తోశాడు.

"వంట వచ్చుడు కేపబిలిటీ. పప్పు కడిగి, ఉడకబెట్టి, పోపు పెట్టుడు ప్రాసెస్. కుక్కర్ టెక్నాలజీ. కుక్కర్ ఖరాబైతే నీకు వంట రాకుండ పోతదా?"

నాకసలు వంటే రాదన్నా, అన్నాను.

"అయితే అది గ్యాప్. ఉన్నదానికి, ఉండాల్సినదానికి నడుమ తేడా."

నవ్వి నవ్వి ఇద్దరికీ పొలమారింది.

ఏ డయాగ్రమైనా రెండో మనిషి చూసి ఓకే అంటేనే ఆయనకు పూర్తయినట్టు. మేమేమో సగం ఫైళ్ళు తెరవకుండానే "లుక్స్ గుడ్" కొట్టేస్తాం. అందరం చేసేదే.

పోయిన నెల నాకొక ఫైల్ పంపాడు. "ఇంటిది గీసిన తమ్మీ, రివ్యూ చెయ్యి."

ఏదో మీటింగ్ మధ్యలో "లుక్స్ గుడ్ అన్నా" అని కొట్టేశాను. తెరవలేదు.

నిన్న మధ్యాహ్నం వదిన నన్ను పక్కకి పిలిచింది.

"ఆయన వీసా మీదనే కదా మేమిద్దరం ఉన్నది. పాప స్కూల్ నడుస్తుంది. ఇప్పుడు మమ్ముల ఉండనిస్తరా, పొమ్మంటరా? ఏమన్న అయితే తమ్మిని అడుగు, అంత చూసిండు అని చెప్పిండు మీ అన్న."

పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని ఆ ఫైల్ అప్పుడు తెరిచాను.

మధ్యలో ఆయన పేరు. వీసా, ఇన్సూరెన్స్, లీజు, పాప స్కూల్, బాణాలన్నీ ఆయన మీదకే. కింద ఎర్ర గీతతో ఒక బాక్స్, "నేను లేకుంటే?" అని. లోపల ఖాళీ. పక్కన నా పేరు పెట్టి ఆయన రాసిన కామెంట్.

"ఇక్కడ ఏం రాయాల్నో తెలుస్తలేదు. భయమైతుంది. నువ్వు చూసి చెప్పు."

దానికి నేను లుక్స్ గుడ్ అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. నన్ను నమ్మేశాడు.

రేపు వదినను ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరకు తీసుకెళ్తున్నాను. ఏమంటారోనని భయంగా ఉంది. ఈ పరిస్థితి దాటినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, దండం పెడతాను, ఇవాళే ఫోన్ చేయండి.

అన్నా, నన్ను క్షమించు.

ఆ భయం ఇక నాకు వదిలెయ్. నువ్వు నిమ్మళంగా ఉండు.